నూట ఎనభై ఓల్టుల దగ్గర

నాన్న గిటారు యాంపులోని గాజు వాల్వుల కాళ్ళని స్పిరిటు గుడ్డతో ఒక్కొక్కటే తుడుస్తున్నాను. మొత్తం నాలుగు, పెద్దవి రెండు, చిన్నవి రెండు. మాది ఉప్పుగాలి. ఒక్కరోజు వదిలేసినా ఆ సన్నటి కాళ్ళ మీద చిలుము పడుతుంది. తుడిచి, ఎక్కడివక్కడ గుచ్చి, స్విచ్చి వేసి, పది నిమిషాలు వేడెక్కనివ్వాలి. అప్పుడు పెట్టెలో చేరిన చెమ్మ ఆరిపోతుంది. ఈ పని ఇరవై ఏళ్ళుగా నాన్నే చేశాడు. ఆయనకి హెర్నియా ఆపరేషన్ అయినప్పటినుంచీ, అంటే నలభై రోజులుగా, నేను చేస్తున్నాను.

నాన్న వసారాలో మంచం మీద కూర్చుని నా వేళ్ళనే చూస్తున్నాడు.

"పెద్దదాన్ని ఊపి తియ్యకమ్మాయ్. నిలువుగా లాగు."

రోజూ ఇదే మాట. రోజూ నిలువుగానే లాగుతున్నాను.

మా నాన్న పేరు అంకమ్మరావు. మాది కృత్తివెన్నుకి మూడు కిలోమీటర్ల దూరంలో పల్లె. తాత సముద్రం మీద వేటకు వెళ్ళేవాడు. నాన్న వల పట్టకుండా గిటారు పట్టుకుని గుడివాడలో గోవర్ధనరావు గారి ఆర్కెస్ట్రాలో చేరాడు. పెళ్ళిళ్ళు, రిసెప్షన్లు, అమ్మవారి జాతరలు. ఈ యాంప్ బందరులో రేడియోలు బాగుచేసే బషీర్ గారు ఆయన కోసం చేసిచ్చింది. మూతబడ్డ సినిమా హాల్లోంచి తెచ్చిన ట్రాన్స్‌ఫార్మరు, టేకు చెక్క పెట్టె, ముందు గోనెలాంటి గుడ్డ. బరువు ముప్పై రెండు కిలోలు. నాన్న దాని మీద ఇంకెవర్నీ చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. తనే భుజానికెత్తుకుని వ్యానులోకి ఎక్కించేవాడు, తనే దించేవాడు. చివరికి కోడూరులో స్టేజి మెట్ల మీద కడుపు పట్టుకుని కూర్చుండిపోయాడు. ఇకమీదట ఐదు కిలోలకి మించి ఎత్తకూడదని ఆపరేషన్ చేసిన డాక్టరు గట్టిగా చెప్పాడు.

దాని మోత వేరే. తీగని గట్టిగా మీటితే స్వరం వెంటనే పైకి లేవదు. ఒక్క క్షణం కుంగుతుంది. తర్వాత ఉబ్బి, చివర్లో కొంచెం గరగరలాడి ఆగుతుంది. ఏడుపు ఆపుకుంటూ మాట్లాడేవాళ్ళ గొంతులా ఉంటుంది. దివిసీమలో అయితే పాటగాడు నోరు తెరవకముందే అంకమ్మరావు వచ్చాడని జనం పోల్చుకుంటారని గోవర్ధనరావు గారే అనేవారు.

ఆ గోవర్ధనరావు గారే పోయిన వారం బత్తాయిలు పట్టుకుని పలకరించడానికి వచ్చారు. ఈ సీజను నుంచి స్టేజి మీద యాంపులు ఉండవని కాయలు వలుస్తూ చెప్పారు. కీబోర్డు, గిటారు, అన్నీ నేరుగా మిక్సరులోకే వెళ్తాయట. చిన్న వ్యాను తీసుకున్నారట. బషీర్ గారి మనవడు ఇర్ఫాన్ బందరులో రికార్డింగు గది పెట్టుకున్నాడు, అతని దగ్గర ఒక పెట్టె ఉంది, ఏ యాంపు మోతనైనా అందులోకి దింపేస్తాడు, దాన్ని ప్రొఫైల్ అంటారు అని వివరించారు.

"వచ్చే శుక్రవారం అవనిగడ్డలో రిసెప్షనండీ. ఆ పెట్టె మీకు నచ్చిందా, మీరే వాయిస్తారు. నచ్చలేదా, మన దుర్గారావుని కూర్చోబెట్టుకోవాలి మరి. నేను మాత్రం ఏం చెయ్యను చెప్పండి."

దుర్గారావు అంటే గుడివాడలో గిటారు నేర్పే అతను. నాన్న బత్తాయి తొన చేతిలోనే పట్టుకుని అడిగాడు.

"అంటే, ఫోటో తీసి దండేస్తారా నా యాంపుకి?"

గోవర్ధనరావు గారు నవ్వారు. నాన్న నవ్వలేదు.

ఆయన వెళ్ళాక అమ్మ తన మాట తను చెప్పేసింది. పెట్టెలోకి దించుతారో, సీసాలోకి దించుతారో తనకి అనవసరమనీ, ఈయన మళ్ళీ వ్యానెక్కితే చాలనీ, ఇంకో నెల ఇంట్లో ఉంటే బీపీ మాత్ర తనకి రెండు పూటలా కావాలనీ. అమ్మ ఎకసెక్కానికే అన్నా అది నిజం. నలభై రోజులుగా నాన్న కుదురుగా ఒకచోట లేడు. రోడ్డు దాకా వెళ్తాడు, ఎందుకొచ్చాడో గుర్తులేనట్టు తిరిగొస్తాడు. అన్నం తింటుంటే ఎడమచేతి వేళ్ళు కంచం అంచు మీద తీగలు నొక్కుతుంటాయి. నిద్రలో కూడా ఆ వేళ్ళు ఆగవు. గిటారు తీసి ఇంట్లో వాయిస్తాడు గానీ నాలుగు నిమిషాలకే పక్కన పెట్టేస్తాడు. ఎదురుగా మనుషులు లేకపోతే ఆయనకి పాట నడవదు. శుక్రవారం స్టేజి ఎక్కకపోతే ఇక ఎప్పటికీ ఎక్కడని మా ముగ్గురికీ తెలుసు. ఆ సంగతి మాత్రం ఎవరం పైకి అనలేదు.

ఆదివారం పదకొండింటికి ఇర్ఫాన్ ఆటోలో వచ్చాడు. పొడుగ్గా, పల్చగా, తాతలాగే మెల్లగా మాట్లాడతాడు. నాన్నని మావయ్యా అంటాడు. పెట్టె అన్నం గిన్నె మూతంత ఉంది, మూడు కిలోలు కూడా లేదు. దానికంటే పెద్ద స్టెబిలైజరు ఒకటి దించాడు. మా ఊరి కరెంటుని నమ్మనన్నాడు. పెట్టెనీ యాంపునీ రెండింటినీ దానికే తగిలించి, ఓల్టేజి రెండొందల ముప్పై దగ్గర నిలబడిందని చూసుకుని, స్పీకరు ముందు మైకు పెట్టాడు.

తర్వాత ఆ పెట్టె యాంపులోకి ఏవేవో శబ్దాలు పంపింది. కీచుమన్నాయి, బుసకొట్టాయి, టకటకలాడాయి. దొడ్లో కోళ్ళు గోడ దూకాయి. ఎవరో దానికి కితకితలు పెడుతున్నట్టుందని అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తనకి ముందే తెలిసిన శబ్దాలు పంపి, ఒక్కొక్కదాన్నీ యాంపు ఎంత వంచుతుందో, ఎక్కడ నలుపుతుందో పెట్టె విని నేర్చుకుంటుందని ఇర్ఫాన్ నాకు చెప్పాడు. ఆ తర్వాత గిటారుని నేరుగా పెట్టెకి తగిలించినా అది అలాగే వంచి బయటికి పంపుతుందట. మూడు నిమిషాల్లో అయిపోయింది.

నాన్న హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాయించాడు. రెండు వరసలు కాకముందే ఆపేశాడు.

"ఇది నా యాంపు కాదు. దాని అన్న. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో తిరిగే అన్న."

ఇర్ఫాన్ ఓపిగ్గా బటన్ మార్చి చూపించాడు. ఇది మైకులోంచి వస్తున్న అసలు యాంపు, ఇది పెట్టె. తేడా ఉందా అని అడిగాడు. లేదన్నాడు నాన్న. మరి అయితే అని ఇర్ఫాన్ అనబోతుండగానే, అసలుది కూడా సరిగ్గా లేదు, నువ్వే దాన్నేదో చేశావు అన్నాడు. ఇర్ఫాన్ ముఖం మాడిపోయింది. అది తన తాత చేతి పని. దానికి తను కీడు చేస్తాడా? యంత్రం ఉన్నది ఉన్నట్టు చెబుతుంది మావయ్యా, మనిషి చెవే రోజుకో రకంగా ఉంటుంది అని, వైర్లు చుట్టుకుని వెళ్ళిపోయాడు. అమ్మ పోసిన మజ్జిగ గ్లాసు గట్టు మీద అలాగే ఉంది.

ఆరోజు సాయంత్రం ఏడింటికి నాన్న యాంపుని గోడ ప్లగ్గుకి తగిలించి వాయించాడు. స్వరం కుంగింది, ఉబ్బింది, గరగరలాడింది. నాన్న నావైపు తిరిగి, చూశావా, వాడటు వెళ్ళగానే తిరిగొచ్చింది అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన ముఖంలో అంత సంబరం చూశాను. నాకూ సంతోషమే అనిపించింది. కానీ నెత్తి మీద బల్బు నారింజ రంగులో వెలుగుతోంది. ఎటు చూసినా రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు నీళ్ళు చిలుకుతున్న హోరు. పొద్దుగూకితే రొయ్యకి గాలి చాలదు. అందుకే మా చుట్టుపక్కల ఉన్న ఏరేటర్లన్నీ ఒకేసారి తిరిగి కరెంటుని లాగేస్తాయి. వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ స్టెబిలైజరు మీద ముల్లు చూశాను. నూట ఎనభై రెండు.

నేను కృత్తివెన్నులో చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను. ముల్లు ఎక్కడుందో చూసి, టైము వేసి, అంకె రాసుకోవడమే నా ఉద్యోగం. ఏ చెరువునీ ఒక్కసారి చూసి ఇలా ఉందని చెప్పకూడదని మాకు మొదటిరోజే నేర్పారు. సోమవారం ఉదయం ఎనిమిదింటికి ముల్లు రెండొందల ఇరవై ఐదు. నాన్నని ఒక్క పాట వాయించమన్నాను. మోత బిగుసుకుపోయినట్టు, చెంచాతో కంచం మీద కొట్టినట్టు వచ్చింది. ఇంకా వేళ్ళు కాగలేదన్నాడు. సాయంత్రం ఏడింటికి నూట డెబ్బై ఎనిమిది. వేళ్ళు కాగాయి. మంగళవారం మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చి చూస్తే రెండొందల ఇరవై, వేళ్ళు కాగలేదు. సాయంత్రం నూట ఎనభై ఒకటి, కాగాయి. ల్యాబు చీటీ వెనక ఈ అంకెలు నాలుగు వరసలు రాసుకుని ముడిచి జడపిన్నుల డబ్బాలో పెట్టాను.

ఆ రాత్రి నాకు ఎటూ తేలలేదు. ఊరుకుంటే నాన్న మాటే నిజమవుతుంది, ఆ పెట్టె పనికిరాదు, ఆయన యాంపు ఎవరికీ దొరకదు. కానీ అది ఇంట్లోనే ఉంటుంది, దానితోపాటు ఆయనా ఇంట్లోనే ఉంటాడు. చెబితే అవనిగడ్డ స్టేజి ఎక్కుతాడు. కానీ ఇరవై ఏళ్ళుగా ఆయన తన వేళ్ళదనీ, బషీర్ గారి పనితనమనీ నమ్మినదాంట్లో సగం మా ఊరి ట్రాన్స్‌ఫార్మరుదని కూడా తెలుస్తుంది.

బుధవారం ల్యాబులోంచి ఇర్ఫాన్‌కి ఫోను చేశాను. అంకెలన్నీ చదివాను. అతను ఒక్కొక్క అంకెనీ తిరిగి పలుకుతూ రాసుకున్నాడు. తర్వాత నవ్వాడు.

"మా తాత దాన్ని రెండొందల ముప్పైకి చేశాడు. అంటే పాపం దానికి మనం ఎప్పుడూ కడుపునిండా పెట్టలేదన్నమాట."

మరి ప్రోగ్రాముల దగ్గర ఇంటి కరెంటు కాదు కదా అన్నాను. జనరేటరు మీద సీరియల్ సెట్లు, ఫోకస్ లైట్లు, డీజే బాక్సులు అన్నీ వేశాక చివర్లో మిగిలేది నూట ఎనభయ్యే అన్నాడు. ఆదివారం తను జాగ్రత్త పడటమే తప్పయిందనీ, గురువారం సాయంత్రం వస్తాననీ, అప్పుడు యాంపుకి స్టెబిలైజరు లేకుండా చేస్తాననీ చెప్పాడు.

నాన్నతో కారణం చెప్పలేదు. సాయంత్రం పూట నీ వేళ్ళు బాగుంటాయి కదా నాన్నా, ఒక్కసారి చూడనివ్వు అన్నాను. ఆయన గొణిగాడు గానీ కాదనలేదు.

గురువారం ఇర్ఫాన్ వచ్చేసరికి ఏరేటర్లు మొదలయ్యాయి. పెట్టె వరకే స్టెబిలైజరుకి పెట్టి, యాంపుని గోడ ప్లగ్గుకి గుచ్చాడు. నూట ఎనభై. మళ్ళీ కీచులు, బుసలు, టకటకలు. ఈసారి కోళ్ళు గూట్లోంచి కదల్లేదు. తర్వాత యాంపుని లోపలిగదిలోనే ఉంచి, మైకు దగ్గరగా పెట్టి, తలుపు మూసి, తలుపు సందుల్లో దుప్పట్లు కుక్కాడు. నాన్న వసారాలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన వాయిస్తుంటే ఇర్ఫాన్ ఆయనకి కనపడకుండా ఒకసారి మైకుకీ, ఒకసారి పెట్టెకీ మారుస్తాడు. ఏది అసలో నాన్న చెప్పాలి. రాయడం నా పని.

మొదటి నాలుగు నాన్న చప్పున చెప్పాడు. రెండు తప్పు, రెండు ఒప్పు. నేనూ, ఇర్ఫానూ ముఖాలు కదలనివ్వలేదు. ఐదో దానికి కళ్ళు మూసుకున్నాడు. ఏడో దాన్ని రెండుసార్లు అడిగాడు. తొమ్మిదో దాని దగ్గర చెయ్యి తీగల మీద పెట్టి మోత ఆపేశాడు.

"చాలు. రెండూ నావే."

హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మరి మొన్న ఎందుకు రాలేదు?"

ఇర్ఫాన్ నావైపు చూశాడు. తను తప్పించుకుందామనుకుని కాదు, అది నేను కనిపెట్టింది కాబట్టి. జడపిన్నుల డబ్బాలోంచి చీటీ తెచ్చి ఇచ్చాను. నాన్న అంకెల మీద వేలు పెట్టి ఒక్కొక్క వరసా చదివాడు. తలెత్తి బల్బు చూశాడు. వంటింట్లోకి వెళ్ళి ముల్లు చూసి వచ్చాడు.

"అంటే ఇన్నాళ్ళూ నేను గొప్పనుకున్నది కరెంటు చాలకపోవడమా?"

ఇర్ఫానే అందుకున్నాడు.

"చాలని కరెంటులో ఎలా వాయించాలో నేర్చుకున్నది మీ వేళ్ళే కదా మావయ్యా."

"నువ్వూ మీ తాతలాగే. బాగులేనిదాన్ని బాగుందనిపిస్తావు," అన్నాడు నాన్న. గొంతులో కోపం లేదు.

హెడ్‌ఫోన్లు పక్కన పెట్టి ఇర్ఫాన్ తెచ్చిన స్పీకర్లో ఇంకోసారి వాయించి చూశాడు. జనానికి ఏ తేడా తెలియదన్నాడు. కానీ అసలుది వెనక ఉంటే తీగ మీటినప్పుడల్లా గాలి వచ్చి పిక్కల్ని తోస్తుందట. పెట్టె తొయ్యడం లేదట. వినేవాళ్ళకి ఒకటే, నా కాళ్ళకి తెలుస్తుంది అని చెప్పి, కాళ్ళతో వాయిస్తానా ఏమిటి, వెళ్తాను అన్నాడు. అమ్మ ఆ మాట వినగానే రొయ్యలు వేయించడానికి లేచింది. ఇర్ఫాన్ అక్కడే కూర్చుని ప్రొఫైల్‌ని ఫైలు చేసి గోవర్ధనరావు గారికి పంపాడు. వాళ్ళు కూడా అలాంటి పెట్టె కొన్నారట, రేపు నాన్న ఉత్త గిటారు పట్టుకెళ్తే చాలట. అవతల చూసినట్టు వాట్సాప్‌లో నీలం టిక్కులు పడ్డాయని నాకూ చూపించాడు. నలుగురం సంతోషంగా తిన్నాం.

శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి ల్యాబుకి బయల్దేరుతుంటే గోవర్ధనరావు గారి ఫోను వచ్చింది. నాన్న స్పీకరు పెట్టాడు. వ్యాను ఎన్నింటికో, ఎక్కడ ఎక్కాలో చెబుతారనుకున్నాం.

అద్భుతంగా ఉందండీ అన్నారు ఆయన. రాత్రి ఫైలు రాగానే దుర్గారావు వాయించి చూశాడట. కళ్ళు మూసుకుంటే అచ్చం మీరే కూర్చున్నట్టుందట. ఈ ఎండలో ఆపరేషన్ అయిన ఒంటితో గుడివాడ రావడమెందుకు, అక్కడినుంచి అవనిగడ్డ ఊగుతూ వెళ్ళడమెందుకు, హాయిగా విశ్రాంతి తీసుకోండి, మైకులో మీ పేరు కూడా చెప్పిస్తాను అన్నారు. ఎంతో ప్రేమగా అన్నారు.

"నచ్చితే మీరే అన్నారు కదండీ," అన్నాడు నాన్న.

"సౌండు మీదేగా అండీ వస్తుంది."

ఫోను పెట్టేశారు. వెనకాలే ఒక రికార్డింగు పంపారు. నాన్న దాన్ని మంచం మీద పెట్టి నొక్కాడు.

మోత నాన్నదే. ఆ గరగర, ఆ గొంతు, అన్నీ. కళ్ళు మూసుకుని విన్నాను. మొదటి వరసకి మోసపోయాను. రెండో వరస దగ్గర తెలిసింది. స్వరం కుంగినప్పుడు నాన్న ఆగుతాడు. అది లేచి, ఉబ్బి, పూర్తయ్యేదాకా రెండో తీగ ముట్టుకోడు. దుర్గారావు ఆగలేదు. లేవబోతున్నదాని నెత్తి మీద ఇంకోటి వేశాడు, దాని మీద ఇంకోటి. ప్రతి స్వరమూ నోటి దాకా వచ్చి మింగేసిన మాటలా ఉంది. నాన్న మూడుసార్లు విన్నాడు. మూడోసారి ఎడమచెయ్యి మోకాలి మీద కదిలింది, ప్రతిచోటా దుర్గారావు తర్వాతే.

అమ్మ ఇర్ఫాన్‌ని తిట్టింది. ఫైలు పంపమని ఎవరడిగారట, తిన్న రొయ్యలు కూడా అరగకూడదంది. గోవర్ధనరావు గారినీ, ఆయన బత్తాయిల్నీ తిట్టింది. ఇర్ఫాన్ నాకు రెండుసార్లు ఫోను చేశాడు. మూడోసారికి ఎత్తాను. ఆయనకి తప్ప ఇంకెవరికీ ఉపయోగం ఉండదనుకున్నాను, సౌండు ఆ మనిషికే అంటుకుని ఉంటుందనుకున్నాను అన్నాడు. నేనూ అలాగే అనుకున్నానని చెప్పి పెట్టేశాను. అంకెలు రాసింది నేను. ఇర్ఫాన్ని మళ్ళీ పిలిచింది నేను. నేను చెప్పేదాకా ఆ ముల్లు నూట ఎనభై దగ్గర ఆగడం ఇంట్లో ఇంకెవరూ పట్టించుకోలేదు.

నాన్న మంచం దగ్గర కూర్చుని, నేను చెప్పకుండా ఉండాల్సింది నాన్నా అన్నాను. ఆయన నా తల మీద చెయ్యి వేసి లేచాడు. లేచి స్నానానికి వెళ్ళాడు. నీళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది.

బయటికి వచ్చేసరికి ప్రోగ్రాములకి వేసుకునే నల్లచొక్కా వేసుకుని ఉన్నాడు. తల దువ్వుకున్నాడు. గిటారుని సంచిలో పెట్టి జిప్పు లాగాడు. ఒక్క కేబులుని మోచేతికి చుట్టి, ఉండ చేసి, పక్క అరలో దోపాడు. మా రోడ్డు మీద బందరు బస్సు పదింటికి. బందరులో దిగితే అవనిగడ్డకి అరగంటకో బస్సు ఉంది. మధ్యాహ్నానికల్లా స్టేజి కట్టే చోటికి చేరొచ్చు. గుడివాడ వ్యాను అప్పటికి ఇంకా దారిలోనే ఉంటుంది.

అమ్మ గుమ్మం దాకా వచ్చి ఎక్కడికని అడిగింది. కుట్లు పచ్చిగా ఉన్నాయంది, వాళ్ళు వద్దన్నచోటికి వెళ్ళి ఏం మాట పడతారంది. నాన్న చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. గిటారుని కుడిభుజానికి వేసుకోబోయి, ఆపరేషన్ అయిన పక్క బరువు పడకుండా ఎడమభుజానికి మార్చుకున్నాడు. మాలో ఎవరివైపూ చూడలేదు. మెట్లు దిగి రోడ్డు వైపు నడిచాడు.